గొంతు ఇన్ఫెక్షన్ ముదిరి ఆసుపత్రిలో చేరిన రోగికి స్టెరాయిడ్: ఎప్పుడు, ఎంత, ఇచ్చాక ఏం చూడాలి

గొంతు నొప్పితో వచ్చేవాళ్లలో ఎక్కువమంది మాత్రలు రాయించుకుని ఇంటికి వెళ్లిపోతారు. ఈ వ్యాసం వాళ్ల గురించి కాదు. సొంత ఉమ్మి కూడా మింగలేక, ఒళ్లో గిన్నె పెట్టుకుని, మంచం మీద ముందుకు వంగి కూర్చున్న మనిషి గురించి. అలాంటి రోగికి వార్డులో రాసే మొదటి మందుల్లో ఒక స్టెరాయిడ్ ఇంజెక్షన్ చాలాసార్లు ఉంటుంది. ఎందుకు రాశారు, దాని నుంచి ఏం ఆశిస్తున్నారు, మళ్లీ ఎప్పుడు చూస్తారు అన్న మూడు మాటలు మాత్రం కేస్ షీట్‌లో చాలాసార్లు కనిపించవు. ఆ మూడూ రాయగలిగితేనే ఇంజెక్షన్ రాయాలని నా అభిప్రాయం.

కొత్తగా డ్యూటీలో చేరిన డాక్టర్లనూ, మందు ఎక్కించే నర్సులనూ మనసులో పెట్టుకుని రాస్తున్నాను. పక్కన కూర్చున్న ఇంటివాళ్లు చదివితే డాక్టర్‌ని ఏం అడగాలో తెలుస్తుంది. అయితే ఇందులోని డోసులు చూసి ఇంట్లో ఎవరూ స్టెరాయిడ్ వేసుకోకూడదు. ఇక్కడ చెప్పినవన్నీ గొంతును, శ్వాసను గంటగంటకూ చూసే మనుషులు దగ్గరున్నప్పుడే పనికొస్తాయి.

1. ముందు ఊపిరి సంగతి

మందుల గురించి ఆలోచించే ముందు రోగి కూర్చున్న తీరు చూడండి. చేతులు ముందుకు ఆనించి, గడ్డం ముందుకు చాపి, నోరు తెరిచి కూర్చున్నాడా? చొంగ కారుతోందా? గాలి లోపలికి పీల్చేటప్పుడు కూతలాంటి శబ్దం వస్తోందా? మాట నోట్లో పెద్ద ముద్ద పెట్టుకుని మాట్లాడినట్టు ఉందా? కంగారుగా ఉన్న మనిషి ఉన్నట్టుండి నిద్రమత్తులోకి జారుతున్నాడా? వీటిలో ఏది కనిపించినా స్టెరాయిడ్ సంగతి తర్వాత. మత్తు డాక్టర్‌ని, ఈఎన్‌టీ సర్జన్‌ని పిలవడం మొదటి పని. పడుకోబెట్టి చూద్దామని బలవంతం చేయకండి. కూర్చుంటేనే అతనికి గాలి ఆడుతోంది, అందుకే కూర్చున్నాడు. చిన్నపిల్లల్లో ఎపిగ్లాటిస్, అంటే స్వరపేటిక మీది మూత, వాచిందన్న అనుమానం ఉంటే నాలుకను పుల్లతో నొక్కి గొంతు చూసే ప్రయత్నమే చేయకూడదు. ఏడిపించకూడదు, తల్లి ఒడిలోంచి తీయకూడదు. ఆ ఏడుపుతోనే దారి పూర్తిగా మూసుకుపోవచ్చు.

ఆక్సిజన్ శాతం 98 చూపిస్తోందని ధైర్యపడకండి. పైన గొంతు దగ్గర దారి ఇరుకైనప్పుడు ఆ అంకె చివరిదాకా బాగానే ఉండి, పడితే ఒక్కసారిగా పడుతుంది.

స్టెరాయిడ్ కణాల లోపల జన్యువుల స్థాయిలో పనిచేస్తుంది. అందుకే సిరలో ఇచ్చినా దాని ఫలితం కనిపించడానికి గంటలు పడుతుంది. నిమిషాల్లో వాపు దించాల్సి వస్తే పెద్దవాళ్లకు 1:1000 ఆడ్రినలిన్ 5 మి.లీ. నెబ్యులైజర్‌లో ఇస్తారు. అది త్వరగా పనిచేస్తుంది, ఒకటి రెండు గంటల్లో దిగిపోతుంది. ఆ వ్యవధిలో ట్యూబు వేయాలా, మెడ ముందు నుంచి దారి తీయాలా అన్నది అనుభవం ఉన్నవాళ్లు తేల్చాలి. 1799 డిసెంబర్ 14న జార్జ్ వాషింగ్టన్ గొంతు జబ్బుతోనే చనిపోయారు. అది ఎపిగ్లాటిస్ వాపే అయ్యుంటుందని ఇప్పటి వైద్యుల్లో చాలామంది అంచనా. చుట్టూ ఉన్న ముగ్గురు వైద్యులు ఆ రోజు ఆయన ఒంట్లోంచి పదే పదే రక్తం తీశారు. వాళ్లలో చిన్నవాడు శ్వాసనాళానికి రంధ్రం చేద్దామన్నాడు, మిగతా ఇద్దరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు మన చేతిలో మందులు ఎన్నో ఉన్నాయి. అయినా ఇలాంటి రోగి మంచం దగ్గర ముందుగా తేల్చుకోవాల్సింది గాలి దారి సంగతే.

2. జబ్బుకు పేరు పెట్టండి

‘తీవ్రమైన గొంతు ఇన్ఫెక్షన్’ అన్నది జబ్బు పేరు కాదు. దాని కింద కనీసం అరడజను వేర్వేరు జబ్బులు ఉన్నాయి. ఒక్కోదానిలో స్టెరాయిడ్ చేసే పని వేరు.

ఎక్కువగా కనిపించేది టాన్సిల్ పక్కన చీము గడ్డ. నొప్పి ఒక పక్కే ఎక్కువ. కొండనాలుక అవతలి పక్కకు నెట్టినట్టు ఉంటుంది. దవడలు బిగుసుకుని నోరు సరిగా తెరుచుకోదు. సూదితో లాగో, చిన్న గాటు పెట్టో చీము తీయడం, యాంటీబయాటిక్ ఇవ్వడం దీనికి అసలు వైద్యం. దాంతోపాటు ఒక డోసు స్టెరాయిడ్ ఇస్తే నొప్పి, నోరు తెరవలేకపోవడం, జ్వరం కొంత త్వరగా తగ్గుతున్నట్టు చిన్న చిన్న అధ్యయనాల్లో కనిపించింది. ‘దాంతోపాటు’ అన్న మాట మరిచిపోకండి. చీము తీయకుండా ఇచ్చిన స్టెరాయిడ్ గురించి ఆ అధ్యయనాలు ఏమీ చెప్పలేదు.

ఎపిగ్లాటిస్ వాపు ఒకప్పుడు పసిపిల్లల జబ్బు. దాన్ని తెచ్చే హిబ్ అనే బాక్టీరియాకు టీకా వచ్చాక పిల్లల్లో బాగా తగ్గిపోయింది, ఇప్పుడు పెద్దవాళ్లలోనే ఎక్కువగా చూస్తున్నాం. గొంతు చూస్తే మామూలుగా ఉంటుంది, రోగి మాత్రం మింగలేనంటాడు. ఈ పొంతన లేనితనమే దాన్ని పట్టిస్తుంది. ముక్కులోంచి సన్నటి గొట్టం కెమెరా పంపితే ఎర్రగా ఉబ్బిన మూత కనిపిస్తుంది. ఇందులో స్టెరాయిడ్ చాలామంది ఇస్తారు. కానీ ట్యూబు అవసరం తప్పిందని గానీ, ఆసుపత్రిలో ఉండే రోజులు తగ్గాయని గానీ గట్టిగా రుజువు కాలేదు. ఇవ్వడం తప్పని అనను. ఇచ్చాం కదా అని రాత్రి ఐసీయూ మంచం వద్దనుకోవడం తప్పు.

గొంతు పక్కన, వెనక, దవడ కింద లోతుగా చేరే చీము ఇంకో రకం. మెడ ఒక పక్క గట్టిగా వాచి, తల తిప్పలేకపోతుంటే దాన్ని అనుమానించాలి. పంటి చీము నుంచి మొదలై నాలుక కింద నేలంతా చెక్కలా గట్టిపడి, నాలుకను పైకి నెట్టే లుడ్విగ్స్ ఆంజైనా కూడా ఈ కుటుంబంలోదే. వీటికి సీటీ స్కాన్ కావాలి, సర్జన్ కావాలి. చర్మం నల్లబడుతున్నా, వేలితో నొక్కితే లోపల గాలి బుడగలు చిటపటలాడినట్టు తగిలినా, బయట కనిపించే దానికంటే నొప్పి చాలా ఎక్కువగా ఉన్నా కండరాల పొరలు కుళ్లుతున్నాయేమో అనుకోవాలి. అక్కడ వాపు కోసం స్టెరాయిడ్ ఇచ్చే ఆలోచన మానుకుని ఆపరేషన్ థియేటర్‌కి ఫోన్ చేయండి.

యువకుల్లో మోనోన్యూక్లియోసిస్ అని ఒక వైరస్ జబ్బు వస్తుంది. ఎప్‌స్టీన్ బార్ వైరస్ దీనికి కారణం. రెండు టాన్సిల్స్ మీదా తెల్లటి పొర, మెడ వెనక వైపు కూడా గ్రంథుల వాపు, మంచం దిగలేనంత నీరసం ఉంటాయి. తొలి వారంలో పరీక్ష నెగెటివ్ రావచ్చు. ఇందులో మామూలుగా స్టెరాయిడ్ అక్కర్లేదు. టాన్సిల్స్ రెండూ ఉబ్బి గాలి దారికి అడ్డం పడుతున్నప్పుడే ఇవ్వాలి. ఇంకో జాగ్రత్త: దీన్ని అనుమానించినప్పుడు అమోక్సిసిలిన్, ఆంపిసిలిన్ రాయకండి, ఒళ్లంతా దద్దుర్లు రావచ్చు.

చివరిది డిఫ్తీరియా. బూడిద రంగు పొర గట్టిగా అతుక్కుని ఉంటుంది, గీకితే రక్తం వస్తుంది. మెడ ఎద్దు మెడలా ఉబ్బుతుంది. ఇక్కడ ప్రాణం కాపాడేది దాని విషాన్ని విరిచే యాంటీటాక్సిన్. ల్యాబ్ రిపోర్టు కోసం ఆగకుండా, అనుమానం బలంగా ఉండగానే ఇవ్వాలి. గుండె మీద, నరాల మీద డిఫ్తీరియా విషం చేసే దెబ్బను స్టెరాయిడ్ ఆపలేదు.

3. స్టెరాయిడ్ నుంచి ఎంత ఆశించవచ్చు

2017లో బీఎంజే అనే బ్రిటిష్ వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష 10 అధ్యయనాలను, 1,426 మంది రోగులను కలిపి చూసింది. ఒక్క డోసు స్టెరాయిడ్ తీసుకున్నవాళ్లలో 24 గంటలకల్లా నొప్పి పూర్తిగా పోయినవాళ్లు, తీసుకోనివాళ్లతో పోలిస్తే దాదాపు రెట్టింపు ఉన్నారు. నొప్పి తగ్గడం మొదలయ్యే సమయం సగటున 4.8 గంటలు ముందుకు జరిగింది, పూర్తిగా పోయే సమయం 11 గంటల దాకా ముందుకు జరిగింది. అదే ఏడాది జామా అనే అమెరికా వైద్య పత్రికలో వచ్చిన టోస్ట్ అనే అధ్యయనంలో, వెంటనే యాంటీబయాటిక్ అవసరం లేని పెద్దవాళ్లకు 10 మి.గ్రా. డెక్సామెథాసోన్ ఇచ్చి చూశారు. 24 గంటలకు చెప్పుకోదగ్గ తేడా లేదు. 48 గంటలకు నొప్పి పూర్తిగా పోయినవాళ్లు స్టెరాయిడ్ వైపు 35.4 శాతం, ఉత్తుత్తి మాత్ర వైపు 27.1 శాతం. బీఎంజే నిపుణులు ఒక డోసును బలహీనంగా సిఫార్సు చేశారు. అమెరికా ఇన్ఫెక్షన్ నిపుణుల సంఘం 2012 మార్గదర్శకాల్లో స్ట్రెప్ బాక్టీరియా తెచ్చే గొంతు నొప్పికి స్టెరాయిడ్ వద్దనే చెప్పింది.

ఈ అంకెలు చదివేటప్పుడు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఆ రోగుల్లో ఎక్కువమంది నడిచి వచ్చి నడిచి వెళ్లినవాళ్లు. మోనోన్యూక్లియోసిస్ ఉన్నవాళ్లకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు, ఆపరేషన్ లేదా ట్యూబు తర్వాత గొంతు నొప్పి వచ్చినవాళ్లకు ఆ సిఫార్సు వర్తించదని బీఎంజే బృందమే చెప్పింది. మన వార్డులో పడుకున్న రోగి చాలాసార్లు వాళ్లలోనే ఒకడు. కాబట్టి ‘అధ్యయనాల్లో రుజువైంది’ అని ఇక్కడ అనలేం. వాపు దించి, నొప్పి తగ్గించి, రోగి నీళ్లు మింగేలా చేయడానికీ, సర్జన్ వచ్చేదాకా కొంత సమయం సంపాదించడానికీ ఇస్తున్నాం. అది మంచి కారణమే. ఆ మాటే కేస్ షీట్‌లో రాయండి.

4. ఇచ్చే ముందు అడగాల్సినవి

ఇది అయిదు నిమిషాల పని. రోగి మాట్లాడలేకపోతే ఇంటివాళ్లను అడగండి, మందుల సంచి తెప్పించుకుని చూడండి.

షుగర్ ఉందా అన్నది మొదటి ప్రశ్న. లేదన్నా వేలి నుంచి ఒక చుక్క తీసి చూడాల్సిందే. చాలామందికి తమకు షుగర్ ఉందన్న సంగతి ఈ మంచం మీదే తెలుస్తుంది. ఎంపాగ్లిఫ్లోజిన్, డాపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాడుతుంటే ఆపండి. తిండి లేక, ఇన్ఫెక్షన్‌తో ఉన్నప్పుడు వాటి వల్ల రక్తంలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు పేరుకుపోవచ్చు.

ఆస్తమాకో కీళ్ల జబ్బుకో నెలల తరబడి స్టెరాయిడ్ మాత్రలు వాడుతున్నాడా? అయితే లెక్క తిరగబడుతుంది. ఒంటికి సొంత స్టెరాయిడ్ తయారుచేసే అతని అడ్రినల్ గ్రంథులు నిద్రపోతున్నాయి, మాత్ర మింగలేక రెండు రోజులుగా మానేశాడు. బీపీ పడిపోతుంటే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. సిరలో వెంటనే ఇవ్వాలి, ఆపైన రోజుకు 200 మి.గ్రా. కొనసాగించాలి. ఇక్కడ స్టెరాయిడ్ వాపు కోసం కాదు, ప్రాణం కోసం. ఇవ్వకపోవడమే ప్రమాదం.

ఇంకా అడగండి: కడుపులో పుండు, రక్తపు వాంతులు, గతంలో క్షయ, కీమోథెరపీ, అవయవ మార్పిడి, హెచ్‌ఐవీ, గతంలో స్టెరాయిడ్ వేసుకున్నప్పుడు మతి చలించడం. రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడుతుంటే ఐఎన్ఆర్, అంటే రక్తం గడ్డకట్టే సమయం కొలత, పెరగవచ్చు. రిఫాంపిసిన్, ఫెనిటాయిన్ డెక్సామెథాసోన్‌ను త్వరగా కరిగించేస్తాయి. హెచ్‌ఐవీకి వాడే రిటోనావిర్ దాన్ని ఒంట్లో ఎక్కువసేపు నిలబెడుతుంది. గర్భిణి అయితే డెక్సామెథాసోన్ మాయను దాటి బిడ్డను చేరుతుంది, ప్రెడ్నిసలోన్‌ను మాయ చాలావరకు అడ్డుకుంటుంది. ఎంపిక ప్రసూతి డాక్టర్‌తో మాట్లాడి చేయండి. మట్టిలో చెప్పుల్లేకుండా నడిచే వేడి ప్రాంతాల వాళ్లలో స్ట్రాంగిలాయిడిస్ అనే నులిపురుగు ఏళ్ల తరబడి దాక్కుని ఉంటుంది. స్టెరాయిడ్ పడితే అది ఒళ్లంతా పాకే ప్రమాదం ఉంది. ఈసినోఫిల్స్ అనే తెల్లకణాలు కారణం తెలియకుండా పెరిగినట్టు పాత రిపోర్టుల్లో కనిపిస్తే దీని గురించి ఆలోచించండి.

టార్చి వేసి అంగిలి, ముక్కు లోపల ఒకసారి చూడండి. షుగర్ అదుపులో లేని మనిషికి అక్కడ నల్లటి మచ్చ కనిపిస్తే అది మ్యూకోర్ ఫంగస్ కావచ్చు. స్టెరాయిడ్ ఆ ఫంగస్‌కి మేత వేసినట్టే.

5. యాంటీబయాటిక్, చీము తీయడం ముందు వరసలో ఉండాలి

రక్తం కల్చర్‌కి తీసి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టండి. అమోక్సిసిలిన్‌తో క్లావులనేట్, లేదా ఆంపిసిలిన్‌తో సల్‌బాక్టమ్, లేదా సెఫ్‌ట్రయాక్సోన్‌తో మెట్రోనిడాజోల్ లాంటివి మీ ఆసుపత్రి పద్ధతిని బట్టి. పెన్సిలిన్ పడనివాళ్లకు వేరే. చీము ఉందని తేలితే తీసే ఏర్పాటు అదే పూట జరగాలి. యాంటీబయాటిక్ పడకుండా స్టెరాయిడ్ ఒక్కటే ఎక్కిన రాత్రి ఉండకూడదు.

6. డోసు, ఎక్కించే తీరు

గొంతుకు ఎక్కువగా వాడేది డెక్సామెథాసోన్. పెద్దవాళ్లకు 10 మి.గ్రా. ఒకసారి. పిల్లలకు కిలోకు 0.6 మి.గ్రా., ఎంత బరువున్నా 10 మి.గ్రా. దాటకూడదు. 12 కిలోల బిడ్డకు 7.2 మి.గ్రా. అవుతుంది. 25 కిలోల పిల్లవాడికి లెక్క ప్రకారం 15 వస్తుంది, ఇచ్చేది మాత్రం 10.

వయల్ మీద రాసింది చదవకుండా సిరంజిలోకి లాగకండి. మి.లీ.కి 4 మి.గ్రా. ఉన్న వయల్ అయితే 10 మి.గ్రా. అంటే 2.5 మి.లీ. కొన్ని చోట్ల దొరికే వయల్‌లో మి.లీ.కి 3.3 మి.గ్రా. మాత్రమే ఉంటుంది. ‘ఒక ఆంప్యూల్ ఇవ్వండి’ అని ఆర్డర్ రాస్తే ఎంత ఇచ్చారో రేపు ఎవరూ చెప్పలేరు. మి.గ్రా.ల్లో రాయండి.

సిరలోకి నెమ్మదిగా, కొన్ని నిమిషాల పాటు ఇవ్వాలి, లేదా 50 మి.లీ. సెలైన్‌లో కలిపి ఎక్కించాలి. గబుక్కున తోసేస్తే మర్మాంగాల దగ్గర భగ్గుమని మంట, దురద పుడతాయి. రోగి ఉలిక్కిపడి కాళ్లు ముడుచుకుంటాడు, ఎక్కడ మండుతోందో సిగ్గుతో చెప్పలేడు. అర నిమిషంలో తగ్గిపోయే మంటే అయినా, మేలుకొని ఉన్న మనిషికి ముందే చెప్పి నెమ్మదిగా ఇస్తే ఆ భయం ఉండదు. మింగగలిగినవాళ్లకు నోటి ద్వారా ఇచ్చినా అంతే బాగా పనిచేస్తుంది.

10 మి.గ్రా. డెక్సామెథాసోన్ అంటే సుమారు 65 మి.గ్రా. ప్రెడ్నిసలోన్‌తో సమానం. దాని ప్రభావం 36 నుంచి 54 గంటల దాకా ఒంట్లో ఉంటుంది. అందుకే గొంతుకు చాలాసార్లు ఒక్క డోసు చాలు. షుగర్ పెరగడం కూడా అంతసేపూ ఉంటుంది. అర్జెంటు లేకపోతే పగటిపూట ఇవ్వండి. రాత్రి ఇస్తే నిద్ర పట్టదు, ముసలివాళ్లు తికమక పడతారు.

7. ఇచ్చాక 24 గంటలు: ఈ వ్యాసం రాసింది దీని కోసమే

నేను కొత్తగా డ్యూటీలో చేరిన రోజుల్లో ఒకాయన వచ్చారు. నలభై దాటిన మనిషి, షుగర్ ఉంది, కుడి పక్క గొంతు నొప్పి. నోరు రెండు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుంది. రాత్రి పదకొండుకు యాంటీబయాటిక్, స్టెరాయిడ్ రెండూ ఇచ్చాం. పొద్దున నేను వెళ్లేసరికి లేచి కూర్చుని పాలు తాగుతున్నారు. జ్వరం లేదు. “ప్రాణం తేలిగ్గా ఉంది డాక్టర్ గారూ” అన్నారు. ఆయన భార్య ముఖంలో వెలుగు చూసి నాకూ సంతోషమేసింది. స్కాన్ రేపు చూద్దాంలే అనుకున్నాం. సాయంత్రానికి మెడ తిప్పలేకపోయారు, ఎదురు రొమ్ము వెనక నొప్పి అన్నారు. స్కాన్‌లో చీము గొంతు పక్క నుంచి కిందికి జారుతోంది. మెడ తెరిచి, గొట్టాలు వేసి, పన్నెండు రోజులు ఐసీయూలో ఉంచారు. బతికారు.

ఆ పొద్దున నేను అడిగింది నొప్పి ఎలా ఉందని. చూడాల్సింది నోరు ఎంత తెరుచుకుంటోందో. అడిగి తెరిపించి ఉంటే, రాత్రి ఉన్నట్టే రెండు వేళ్లలోపే ఉందని కనిపించేది. నొప్పిని, జ్వరాన్ని స్టెరాయిడ్ దించేసింది. చీము మీద దానికి అధికారం లేదు.

అప్పటి నుంచి నేను స్టెరాయిడ్ ఇచ్చే ముందు నాలుగు అంకెలు, సంగతులు రాసుకుంటాను, తర్వాత అవే మళ్లీ చూస్తాను. పై ముందు పళ్లకు, కింది ముందు పళ్లకు మధ్య దూరం మిల్లీమీటర్లలో. మామూలు మనిషికి 35 పైనే ఉంటుంది. మెడ వాపు అంచు చర్మం మీద పెన్నుతో గీసి, పక్కన టైమ్ వేస్తాను. ఒక చెంచా నీళ్లు గుటక వేయగలడా. మెడను రెండు పక్కలకూ ఎంత తిప్పగలడు. ఇచ్చిన 6 గంటలకు ఒకసారి, 12 గంటలకు ఒకసారి, 24 గంటలకు ఒకసారి. శ్వాస మీద అనుమానం ఉన్నవాళ్లను అంతకంటే చాలా తరచుగా చూడాలి. నొప్పి తగ్గి, ఈ నాలుగూ కదలకుండా ఉంటే ఆ రోజే స్కాన్. గీత దాటి వాపు పాకితే అప్పటికప్పుడు సర్జన్.

కొత్త చలిజ్వరం, ఒక పక్క మెడ సిర వెంబడి నొప్పి, దగ్గు, ఛాతీ నొప్పి వస్తే మెడ సిరలో చీముతో కూడిన గడ్డ కట్టిందేమో చూడాలి. దాన్ని లెమియెర్ సిండ్రోమ్ అంటారు, ఊపిరితిత్తులకు చిన్న చిన్న గడ్డలు విసురుతుంది.

ల్యాబ్ రిపోర్టులు ఇక్కడ రెండు వైపులా మోసం చేస్తాయి. స్టెరాయిడ్ పడగానే రక్తనాళాల గోడలకు అంటుకుని ఉన్న న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు ఊడి ప్రవాహంలోకి వస్తాయి, తెల్లకణాల సంఖ్య పెరుగుతుంది. అది చూసి ఇన్ఫెక్షన్ ముదిరిందని కంగారు పడతాం. ఇంకోవైపు, ఒంట్లో వాపును చూపించే సీఆర్‌పీ తగ్గుతుంది, అది చూసి నిశ్చింత పడతాం. రెండింటి కంటే మంచం దగ్గర తీసుకున్న కొలత నమ్మదగింది. పచ్చి, ఎదగని కణాలు ఎక్కువగా కనిపిస్తే మాత్రం అది స్టెరాయిడ్ మీదకు నెట్టకండి.

షుగర్‌ను మొదటి రోజు 4 నుంచి 6 గంటలకోసారి చూడండి. 140 నుంచి 180 మధ్య ఉంచితే చాలు. దాటితే ఇన్సులిన్. అప్పుడప్పుడే గుటక వేయడం మొదలుపెట్టిన మనిషి ఎంత తింటాడో తెలియదు కాబట్టి తిండికి ముందే పెద్ద డోసు పొడవకండి, తిన్నది చూసి ఇవ్వండి. నొప్పికి ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కూడా నడుస్తుంటే కడుపు కోసం పాంటోప్రజోల్ లాంటిది కలపండి. ఇంకా మంచిది, వీలైతే పారాసెటమాల్‌తో సరిపెట్టడం. సిప్రోఫ్లాక్సాసిన్ కుటుంబం మందులతో స్టెరాయిడ్ కలిస్తే కండరాలను ఎముకలకు కలిపే పట్టీలు (టెండన్లు), ముఖ్యంగా మడమ వెనకది, తెగే ప్రమాదం పెరుగుతుంది.

8. రెండో డోసు ఇవ్వాలా

చాలామందికి అక్కర్లేదు. స్వరపేటిక దగ్గర వాపు కెమెరాలో ఇంకా కనిపిస్తుంటే 24 నుంచి 48 గంటల పాటు తక్కువ డోసులు కొనసాగించే అలవాటు చాలాచోట్ల ఉంది. దీని వెనక గట్టి రుజువులు లేవు కాబట్టి, కొనసాగించే ప్రతిసారీ మళ్లీ చూసి రాయాలి. ‘రోజుకు మూడుసార్లు, అయిదు రోజులు’ అని ఒకేసారి రాసి వదిలేసే ఆర్డర్‌ని నేను ఒప్పుకోను. మొదటి డోసుకు ఏ మార్పూ రాకపోతే రెండో డోసు కాదు కావాల్సింది, రోగ నిర్ధారణను తిరగతోడటం. రెండు మూడు రోజుల్లో ముగిసే కోర్సుకు మెల్లగా తగ్గించుకుంటూ రావాల్సిన పనిలేదు, ఒక్కసారిగా ఆపేయవచ్చు.

9. ట్యూబు వేసిన రోగి అయితే

వాపు తగ్గి ట్యూబు తీసే రోజు వచ్చిందంటే మళ్లీ ఒక గండం ఉంది. ట్యూబు రాపిడికి స్వరపేటిక వాచి, తీసిన కాసేపటికే దారి మూసుకుపోవచ్చు. ట్యూబు చుట్టూ ఉన్న బుడగలోంచి గాలి తీసేసి, పక్కల నుంచి ఊపిరి జారుతోందో లేదో చూడటం మంచి పరీక్ష. జారకపోతే స్టెరాయిడ్ ఇచ్చి ఆగాలి. 2007లో లాన్సెట్‌లో వచ్చిన అధ్యయనంలో ట్యూబు తీయడానికి 12 గంటల ముందు మొదలుపెట్టి, 4 గంటలకోసారి 20 మి.గ్రా. మిథైల్‌ప్రెడ్నిసలోన్ ఇస్తే స్వరపేటిక వాపు 22 శాతం నుంచి 3 శాతానికి తగ్గింది. వాళ్లు గొంతు ఇన్ఫెక్షన్ రోగులు కారు, ఐసీయూలో ఉన్న సాధారణ రోగులు. అయినా 12 గంటల ముందే మొదలుపెట్టాలన్నది ఇక్కడా పనికొస్తుంది. తీసే ముందు నిమిషంలో ఇచ్చే ఇంజెక్షన్ పనిచేసే సమయం ఉండదు.

10. ఇంటికి పంపేటప్పుడు

స్టెరాయిడ్ ప్రభావం దిగాక కూడా బాగున్నాడా అన్నది చూసి పంపండి. చివరి డోసు తర్వాత రెండు రోజులు దాటకముందే వెళ్తుంటే, మంచిగా ఉన్నది మందు వల్లనా, జబ్బు తగ్గడం వల్లనా అన్న అనుమానం ఇంకా మిగిలే ఉందని ఇంటివాళ్లకు చెప్పాలి. భయపెట్టకుండా, గుర్తులు చెప్పండి: నోరు మళ్లీ బిగుసుకోవడం, ఉమ్మి మింగలేకపోవడం, మెడ వాపు, చలిజ్వరం, ఛాతీ నొప్పి, ఊపిరి పీలిస్తే కూత. వీటిలో ఒక్కటి వచ్చినా రాత్రి అయినా సరే తిరిగి రావాలి. షుగర్ ఉన్నవాళ్లు రెండు మూడు రోజులు రోజుకు నాలుగుసార్లు చూసుకోవాలి. మోనోన్యూక్లియోసిస్ అయితే ప్లీహం చిట్లే ప్రమాదం ఉంది కాబట్టి కనీసం మూడు వారాలు ఆటలు, బరువులు మోయడం వద్దు.

యాంటీబయాటిక్ పూర్తి కోర్సు వాడమని అందరం చెబుతాం. స్టెరాయిడ్ మాత్రలు మాత్రం చీటీలో రాయకండి. రాస్తే, తర్వాతెప్పుడో గొంతు నొప్పి వచ్చినప్పుడు ఆ చీటీ తీసుకుని మందుల షాపుకి వెళ్లేవాళ్లు ఉంటారు. డిశ్చార్జి కాగితం మీద మాత్రం మందు పేరు, మి.గ్రా.లు, ఇచ్చిన తేదీ, గంట, ఆ రోజు పళ్ల మధ్య కొలత, వెళ్లే రోజు కొలత రాయండి. అర్ధరాత్రి ఇంకో ఊళ్లో ఇంకో డ్యూటీ డాక్టర్ ఆ కాగితం తెరిచినప్పుడు, తను చూస్తున్న గొంతు నిన్నటి కంటే మెరుగో కాదో అతనికి తెలియాలి.